అయిదు గుంటల సన్యాసం

హైదరాబాద్ శివారు నిజాంపేటలో మూడో అంతస్తు ఫ్లాటు ఖాళీ చేసి ఈ ఊరికొచ్చి ఆరేళ్లు దాటింది. ఈ ఆరేళ్లలో పాత స్నేహితులు, తోటి ఉద్యోగులు, వాళ్ల బావమరుదులు, ఆ బావమరుదుల అపార్ట్‌మెంట్ సెక్రటరీలు ఎంతమంది ఫోన్ చేశారో లెక్కలేదు. "మేమూ వచ్చేద్దామనుకుంటున్నామండీ, ఈ గోల ఇక మావల్ల కాదు" అంటారు. ఒక నిట్టూర్పు విడుస్తారు. అది పూర్తికాకముందే అసలు ప్రశ్న వచ్చేస్తుంది. "అక్కడ గుంట ఎంత నడుస్తోంది?"

ఒక్కరంటే ఒక్కరు, మీ ఊరికి రోజుకు ఎన్ని బస్సులొస్తాయని అడగలేదు. బడిలో ఎందరు పంతుళ్లున్నారని అడగలేదు. పాము కరిస్తే ఎటు పరిగెత్తాలని అడగలేదు. గుంట ఎంత? అంతే. బతకడానికి వచ్చేవాడు మొదట అడిగే మాట కాదది. కొనడానికి వచ్చేవాడి మాట. ఆ మాట మీద ఆరేళ్లుగా కూడబెట్టుకున్న కోపమే ఈ వ్యాసం. మెత్తగా రాయడం నాకు చేతకాదు.

శివారు వదిలి పారిపోవాలనుకునేవాణ్ని మాత్రం తప్పుపట్టను. నేనూ పారిపోయినవాణ్నే. ఆఫీసు నుంచి జేఎన్‌టీయూ కూడలి దాకా వచ్చాక, అక్కడి నుంచి ఇల్లు చేరడానికి ఇంకో ఆఫీసంత పని. ఎండాకాలంలో ట్యాంకర్ హారన్ వినబడితే గుడిగంట విన్నంత పుణ్యం. పక్క బిల్డింగ్ కిచెన్‌లో ఏం తాలింపు పెట్టారో మా పడగ్గదికి తెలిసేది; మా ఇంట్లో ఏం గొడవ జరిగిందో వాళ్ల కిచెన్‌కి తెలిసేది. జీతంలో మూడోవంతు అప్పు వాయిదాకి, దాని మీద మెయింటెనెన్సు, ఆ మెయింటెనెన్సు లెక్కల మీద నెలనెలా మీటింగు. ఆ మీటింగులో మనుషులు ఒకరినొకరు ఎట్లా చూసుకుంటారో చూసినవాడు అడవికి పోతానన్నా ఆశ్చర్యం లేదు.

అయితే ఆ నిజాంపేట ఎట్లా పుట్టిందో ఎవరైనా గుర్తుచేసుకుంటారా? 2019లో అది మున్సిపల్ కార్పొరేషన్ అయింది. అంతకు కొద్దికాలం ముందు దాకా గ్రామ పంచాయతీయే. మేమంతా అక్కడికి ఎందుకు పోయాం? చౌక అని. కూకట్‌పల్లిలో దొరకని ధరకు అక్కడ దొరికిందని. చెట్లున్నాయి, చెరువుంది, గాలి వస్తుందని. అచ్చం ఇప్పుడు మా ఊరి గురించి మీరంటున్న మాటలే. పోయి ఏం చేశాం? చెరువు కింద లేఅవుట్ వేస్తే కొన్నాం. కాలువ మీద సెల్లార్ తవ్వితే కొన్నాం. 2016 సెప్టెంబరు వానలకు తుర్క చెరువు తన దారి తాను వెతుక్కుంటూ బండారి లేఅవుట్ సెల్లార్లలోకి వచ్చింది. రోజుల తరబడి జనం పై అంతస్తుల్లో బందీలైపోయారు. టీవీవాళ్లు దాన్ని ముంపు అన్నారు. నీళ్లకు నోరుంటే వేరే మాట అనేవి. వాటి ఇంట్లోకి మనం పోయి కూర్చుని, అవి తిరిగొస్తే అతిక్రమణ అన్నాం.

ఇప్పుడు ఆ శివారు కంపు కొట్టిందని, ఆ కంపు చేసిన చేతులతోనే ఇంకో ఊరి తలుపు తడుతున్నాం. నాకు నచ్చనిది పారిపోవడం కాదు. పారిపోయేటప్పుడు సంచిలో శివారునే మడిచి పెట్టుకుని తేవడం.

ఆదివారాలు చూడాలి. నూట యాభై ఎనిమిది కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు మీద ఏ ఎగ్జిట్ దగ్గర నిలబడ్డా చాలు. శంకర్‌పల్లి వైపు, చేవెళ్ల వైపు, షాద్‌నగర్ వైపు, భువనగిరి వైపు కార్లు బారులు తీరతాయి. వెంచర్ గేటు, గేటు మీద ఇంగ్లిష్ పేరు, లోపల షామియానా, షామియానా కింద బిర్యానీ. మెడలో ట్యాగు వేసుకున్న కుర్రాడొకడు శ్రీగంధం మొక్క చూపించి, పదిహేనేళ్లకు ఇది కోటి అవుతుంది సార్ అంటాడు. ఆ కుర్రాడికి కందిచెట్టుకు, జీలుగచెట్టుకు తేడా తెలియదు. పాపం, వాడిదీ కమీషన్ బతుకే. అయిదు గుంటలు తీసుకోండి, ఫామ్‌హౌస్ వేసుకోండి, వారాంతం వచ్చి మట్టిలో కాళ్లు పెట్టండి, ఒత్తిడి దిగిపోతుందంటాడు. అయిదు గుంటలంటే ఎంతో చెప్పనా? ఆరువందల అయిదు గజాలు. ఎకరంలో ఎనిమిదో వంతు. ఒక జత ఎడ్లు నాగలితో తిరగడానికి చాలని నేల. దాని చుట్టూ ప్రీకాస్ట్ గోడ, లోపల నాలుగు మామిడి మొక్కలు, ఒక బోరు, ఒక ఊయల. దీన్ని వ్యవసాయం అనడానికి ఎంత ధైర్యం కావాలి! అమ్మేటప్పుడు వ్యవసాయ భూమి, కొన్నాక ప్లాటు. లేఅవుట్ అనుమతి అడిగితే ఇది పొలం సార్ అంటారు. పొలం కదా, ఏం పండిస్తారంటే ప్రశాంతత అంటారు.

వీళ్లకు నేను పెట్టుకున్న పేరు అయిదు గుంటల సన్యాసులు. సంసారం కూకట్‌పల్లిలో, వైరాగ్యం చేవెళ్లలో.

చట్టం కూడా వీళ్ల వైపే ఒరిగి ఉంది. మహారాష్ట్రలో పొలం కొనాలంటే కొనేవాడు రైతై ఉండాలి. కర్ణాటకలోనూ 2020 దాకా అలాంటి కట్టుబాట్లే ఉండేవి. ఆ ఏడాది ఎత్తేశారు. మన రెండు తెలుగు రాష్ట్రాల్లో ఆ అడ్డు లేదు. డబ్బుంటే చాలు, ఎవడైనా రైతే. అమెరికాలో ఉన్న మనవాళ్లు ప్రవాసులుగా ఉంటూ వ్యవసాయ భూమి కొనకూడదని విదేశీ మారక చట్టం అంటుంది. అంటే ఏమైంది? మామగారి పేరుతో కొంటారు. డెబ్భై ఏళ్ల మామగారు ఉన్నట్టుండి ఊరు చూడని రైతైపోతాడు. వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు. పట్టణానికి తగినంత దూరంలో ఉన్న పొలం అమ్మితే వచ్చే లాభానికీ క్యాపిటల్ గెయిన్స్ పన్ను లేదు. రైతు కోసం పెట్టిన ఈ రెండు మినహాయింపులను రైతు ఎంత వాడుకున్నాడో చెప్పలేను గానీ, మా ఊళ్లో గోడలు కట్టినవాళ్లు మాత్రం వాటి సంగతి కంఠతా చెబుతారు.

ఇక రైతుబంధు. 2018 మే నెలలో మొదలైంది. ఎకరాకు, పంటకు నాలుగు వేలు. తర్వాత అయిదు వేలయింది. ఇప్పుడు రైతు భరోసా అని పేరు మారి ఆరు వేలు. ఆ డబ్బు దున్నినవాడికి రాదు, పాస్‌బుక్ ఉన్నవాడికి వస్తుంది. నేనుండే ఇంటికి రెండిళ్ల అవతల దంపతులిద్దరున్నారు. మూడెకరాలు కౌలుకు చేస్తారు. ఆ భూమి అసలు హక్కుదారు హైదరాబాద్‌లో ఉంటాడు, దసరాకు ఒకసారి వచ్చి జమ్మి కొట్టి పోతాడు. సీజన్ సీజన్‌కూ ఆయన ఫోన్ టింగుమంటుంది. వీళ్ల ఫోన్ మోగేది ఎరువుల కొట్టువాడు బాకీ అడిగినప్పుడు. రైతుబీమా కింద రైతు చనిపోతే కుటుంబానికి అయిదు లక్షలు వస్తాయి. అది కూడా పట్టాదారుకే. అంటే ఈ కౌలు రైతు రేపు ఆ పొలంలోనే కుప్పకూలినా సర్కారు లెక్కలో చచ్చిపోయినవాడు రైతు కాదు. 2020లో ధరణి పోర్టల్ తెచ్చినప్పుడు పాత రికార్డుల్లో ఉండే కాస్తు కాలమే ఎత్తేశారు. అందులో భూమి ఎవరిదో రాసేవారట, ఎవరు దున్నుతున్నారో రాసేవారు కాదట. కౌలు రైతుకూ ఇస్తామన్న మాట 2023 ఎన్నికల్లో విన్నాం. పాస్‌బుక్ లేనివాడి గడప వైపు మాత్రం ఆ డబ్బుకు దారి దొరకలేదు.

మొన్న ఆ మూడెకరాలూ ఎనిమిదేసి ముక్కలు చేసి అమ్మడానికి బేరం నడిచింది. ఆ సంగతి ఆ కౌలు దంపతుల్లో ఆమె నాకు చెప్పిన తీరు ఇది: "సారూ, మీ పట్నపోళ్లు అస్తున్నరట గద, మా అసొంటోళ్లకు ఏమన్న పని దొరుకుతదా?" పొలం పోతున్నందుకు ఏడవలేదు. పని దొరుకుతుందా అని అడిగింది. నేను ఏం చెప్పాలి? దొరుకుతుందమ్మా, వాళ్ల ఊయల కింద ఆకులు ఊడ్చే పని దొరుకుతుందని చెప్పాలా?

ఇంతమందిని తిట్టాను కాబట్టి నా సంగతీ చెప్పాలి. నేనేమీ గంగలో మునిగి రాలేదు.

వచ్చిన కొత్తలో నా నెల ఖర్చు చూసి నాకే నవ్వొచ్చేది. నాలుగు గదుల పెంకుటిల్లు, ముందు వాకిలి, వెనక నిమ్మచెట్టు, అద్దె రెండున్నర వేలు. పాలు పక్కింటి బర్రెవి. కూరగాయలు అంగడి రోజు సంచి నిండా. నిజాంపేటలో మెయింటెనెన్సు కట్టే డబ్బుతో ఇక్కడ ఇల్లే నడిచిపోయేది. స్నేహితులకు ఫోన్ చేసి మరీ చెప్పుకున్నాను, ఎంత చౌకో అని. ఆ మాట ఎంత సిగ్గులేనిదో తెలియడానికి ఏడాది పట్టింది. మా బడికి కొత్తగా ఒక పంతులమ్మ వచ్చింది. చిన్న జీతం, కాంట్రాక్టు. ఊళ్లోనే ఉండి పాఠం చెబుదామని గది వెతుక్కుంది. ఎక్కడికి పోయినా ఒకటే మాట: "ఆ సారు రెండున్నర వేలిస్తుండు గదమ్మా." నేను రాకముందు ఆ ఊళ్లో వెయ్యి రూపాయలకు ఇల్లు దొరికేది. నాకు చౌక అనిపించిన ధరే ఆమెకు గడప దాటనివ్వని ధర. ఆమె రోజూ ముప్పై కిలోమీటర్లు ఆటోలు మారి వచ్చేది. రెండో ఏడాది ఇంకో ఉద్యోగం చూసుకుంది. ఆ బడి కొన్ని నెలలు ఒక్క పంతులు మీదే నడిచింది. దాన్ని నా ఖాతాలో రాసుకున్నాను, ఇంకా కొట్టేయలేదు.

చౌక అన్న మాటను పట్టుకుని నాలుగు దులపాలనిపించేది అందుకే. పట్నం జీతంతో పల్లె ధరకు బతకడాన్ని మనం సరళ జీవనం అంటున్నాం. సరళమేముంది అందులో? ఇక్కడ కూలి తక్కువ కాబట్టి నాకు ఇల్లు ఊడ్చే మనిషి చౌకగా దొరికింది. ఇక్కడి పిల్లలు పట్నం పోయారు కాబట్టి ఇల్లు చౌకగా దొరికింది. రైతుకు ధర రాలేదు కాబట్టి టమాటా చౌకగా దొరికింది. నా పొదుపులో ప్రతి రూపాయికీ వెనకాల ఎవడో ఒకడు నష్టపోయి ఉన్నాడు. అది తెలిసి కూడా బతకొచ్చు, నేను బతుకుతున్నాను. దాన్ని త్యాగమని మాత్రం చెప్పుకోకూడదు.

ఇల్లు వెతికినప్పటి ముచ్చట ఇంకొకటుంది. ఎవరూ సూటిగా కులం అడగలేదు. "మీదే ఊరు, మీ ఇంటిపేరేంది, అమ్మగారిది ఏడ" అని మూడు ప్రశ్నల్లో తేల్చేసుకున్నారు. తేలాక తాళంచెవి ఇచ్చారు. తేలనివాళ్లకు, లేదా తప్పుగా తేలినవాళ్లకు ఏమవుతుందో తెలుసు. పల్లెను చూసి మురిసిపోయేవాళ్లను 1948 నవంబరు 4న రాజ్యాంగసభలోనే అంబేడ్కర్ కడిగిపారేశాడు. అది చదవకుండా ఊరంటే అమ్మ, ఊరంటే ఊయల అని రీల్స్ చేసేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది. మా ఊరి మాదిగవాడలోంచి పట్నం పోయిన కుర్రాడొకడు డెలివరీ బండి నడుపుతాడు. పండగకు వచ్చినప్పుడు అడిగాను, తిరిగి రావాలనిపించదా అని. "అక్కడ రూము ఇరుకే గనీ అన్నా, నన్ను ఎవరు 'అరేయ్' అనరు" అన్నాడు. మనకు ఊపిరాడని ఇరుకులోకే వాడు ఊపిరి పీల్చుకోవడానికి పోయాడు. పల్లె అందరికీ ఒకే పల్లె కాదు. అది గుర్తున్నవాడే ఇక్కడికి రావాలి.

దూరపు కొండలు నునుపంటారు. మా దూరపు కొండ ఇప్పుడు లేదు, క్రషర్ మింగేసింది. మధ్యాహ్నం రెండింటికి బ్లాస్టింగ్, గిన్నెలు గలగలమంటాయి.

కోతుల సంగతి ఏ బ్రోషర్లోనూ రాయరు. తెలంగాణ పల్లెల్లో ఇవాళ సర్పంచ్‌గా ఎవరు గెలిచినా ఏలేది కోతులే. ఇంటి వెనక కూరపాదు పెట్టుకుని, సొంత బీరకాయ తిందామన్న నా కల మూడు వారాలు బతికింది. నాలుగో వారం ఒక దండు వచ్చింది. బీరకాయలు తినలేదు, ఒక్కొక్కటీ కొరికి చూసి పారేశాయి. పెంకులు ఎత్తి కింద వేశాయి, ఎందుకో వాటికే తెలియాలి. డిష్ యాంటెన్నా మీద కూర్చుని పేలు చూసుకున్నాయి. ఊళ్లో పల్లీ వేయడం మానేశారు, మొక్కజొన్న మానేశారు, కూరగాయలు మానేశారు. పండించే ఊళ్లోకి కూరగాయలు మార్కెట్ నుంచి ఆటోలో వస్తాయి. ఒకప్పుడు ఇంటి వెనక కాసిన సొరకాయ పక్కింటికి పోయేది. ఇప్పుడు సొరకాయకు కాపలా ముసలమ్మ. ఒక అవ్వ పొద్దున ఆరింటి నుంచి చీకటి పడే దాకా వడిసెల పట్టుకుని మంచె మీద కూర్చుంటుంది. ఆ కాపలాకు కూలి ఎంతని ఎవరూ లెక్క కట్టలేదు. గుట్టలు పగిలి, పండ్లచెట్లు పోయి, కోతులు ఊళ్ల మీద పడ్డాయి. మన అయిదు గుంటల సన్యాసి దానికి కనిపెట్టిన ఉపాయం సోలార్ ఫెన్సింగ్. ఆయన తోట మీద దూకలేని కోతి ఎక్కడికి పోతుంది? ఫెన్సింగ్ కొనలేని పక్క చేను మీదికి.

ఒక రాత్రి పక్కవీధి మనిషికి రక్తపింజర కరిచింది, వడ్ల కుప్ప దగ్గర. ఆర్‌ఎంపీ వచ్చి కట్టు కట్టాడు, చేతులు జోడించాడు. పాపం ఆయన చేయగలిగింది అంతే. దగ్గరి ఆసుపత్రికి పోతే తాళం. 108కి ఫోన్ చేస్తే బండి ఇంకో మండలంలో ఉంది, బయల్దేరింది. నా కారులో వేసుకుని జిల్లా ఆసుపత్రికి పోయాం. దారిలో ఆయన భార్య ఒక్కమాట కూడా మాట్లాడలేదు, ఆయన బొటనవేలు పట్టుకుని కూర్చుంది. బతికాడు. తిరిగి వస్తూ లెక్క వేసుకున్నాను: ఊళ్లో ఆ రాత్రి నడవగలిగే కార్లు మూడు. నాది, ఎరువుల వ్యాపారిది, ఒక ఫామ్‌హౌస్ వాళ్లది. ఆ మూడోది ఆదివారం కాదు కాబట్టి కూకట్‌పల్లిలో ఉంది.

ఇదీ నా అసలు తగువు. పల్లెకు రండి, వద్దనడానికి నేనెవణ్ని? రావడం అంటే మంగళవారం కూడా ఉండటం. రాత్రి రెండింటికి ఉండటం. ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి మూడు రోజులు కరెంటు లేకపోతే పక్క రైతుతో పాటు డీడీ పట్టుకుని సబ్‌స్టేషన్ చుట్టూ తిరగడం. 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సు ఉచితం అయింది. చాలా మంచి పని, మనస్ఫూర్తిగా అంటున్నాను. మా ఊరికి మాత్రం పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి పల్లెవెలుగు. టికెట్ ఉచితం, బస్సు లేదు. దాని కోసం డిపోకు అర్జీ పెట్టడానికి పది సంతకాలు కావాలంటే, గోడల లోపలి నలభై ప్లాట్లవాళ్లలో ఒక్కడు కూడా ఇక్కడి ఓటరు కాదు. సర్పంచుల పదవీకాలం 2024 ఫిబ్రవరిలో ముగిస్తే, ఎన్నికలు జరిగింది 2025 డిసెంబరులో. ఆ రెండేళ్లూ ప్రత్యేకాధికారి రాజ్యం. వీధి దీపం పోయిందని చెప్పడానికి కూడా మనిషి లేడు. ఆ రెండేళ్లలో ప్లాట్ల రిజిస్ట్రేషన్ మాత్రం ఒక్కరోజు ఆగినట్టు నేను వినలేదు.

పల్లె ఎందుకు ఖాళీ అయింది, శివారు ఎందుకు కిక్కిరిసింది అన్నవి రెండు ప్రశ్నలు కావు. బస్సు తీసేసి, బడిని ఒక్క పంతులు మీద వదిలేసి, ఆసుపత్రికి తాళం వేసి, వడ్ల కుప్పను కొనుగోలు కేంద్రం దగ్గర వానకు నానబెట్టి, ఆ తర్వాత జనం పట్నానికి ఎగబడుతున్నారని ముక్కున వేలేసుకుంటారు. ఎగబడినవాళ్లను నిజాంపేటలో, బాచుపల్లిలో, బోడుప్పల్‌లో ఒకరి మీద ఒకరిని పేర్చి అద్దె పిండుకుంటారు. వాళ్లు అలిసిపోయాక, వాళ్లు వదిలొచ్చిన ఊరినే ముక్కలు చేసి, ప్రకృతి అని పేరు పెట్టి తిరిగి వాళ్లకే అమ్ముతారు. వదిలిపోయినప్పుడు ఎకరాల్లో ఉన్నది, కొనుక్కునేటప్పుడు గుంటల్లోకి వచ్చింది. ఇంత లాభసాటి వ్యాపారం ఇంకోటుందా?

ఇంకొందరి ప్రయాణం గురించి చెప్పకపోతే ఈ లెక్క సగమే. నేను శివారు వదిలి పల్లెలో తీరిగ్గా కుదురుకుంటున్న ఏళ్లలోనే సిద్దిపేట జిల్లాలో వేములఘాట్, పల్లెపహాడ్, ఏటిగడ్డ కిష్టాపూర్ లాంటి ఊళ్లకు ఊళ్లు మల్లన్నసాగర్ కింద మునిగాయి. యాభై టీఎంసీల రిజర్వాయర్. వేములఘాట్ జనం నెలల తరబడి దీక్షలు చేశారు, కోర్టుకెక్కారు. చివరికి గజ్వేల్ పక్కన కాలనీ ఇచ్చారు. వరసగా ఇళ్లు, నంబర్లు, గోడకు గోడ. గొడ్లను కట్టేయడానికి చోటు లేదు, చేను లేదు, చెరువు లేదు. అంటే పల్లెటూరి మనుషులకు సర్కారు ఖర్చుతో ఒక శివారు కట్టించి ఇచ్చారు. ఇప్పుడు అదే మల్లన్నసాగర్ నుంచి హైదరాబాద్‌కు గోదావరి నీళ్లు తెచ్చే పథకం నడుస్తోంది. నిజాంపేట కుళాయిలో రేపు వచ్చే నీళ్లలో వేములఘాట్ ఉంటుంది. నాకు ఇష్టముంటే వెళ్లొచ్చు, లేకపోతే ఉండొచ్చు. వాళ్లకు ఆ రెండూ లేకుండా పోయాయి. 'నేను పల్లెకు తరలిపోయాను' అని గర్వంగా చెప్పుకునేవాడు 'తరలింపు' అన్న మాట వాళ్ల నోట ఎట్లా పలుకుతుందో ఒకసారి వినాలి.

"మరి ఏం చేయమంటావు, శివారులోనే చావమంటావా?" అని ఒక మిత్రుడు కోపంగా అడిగాడు. కాదు. కొనకుండా రా అన్నాను. ఊళ్లో వందిళ్లుంటే ఇరవై ఇళ్లకు తాళాలున్నాయి. దూలాలు చెదలు తింటున్నాయి, పెంకులు జారుతున్నాయి. ఒకటి అద్దెకు తీసుకో. కప్పు బాగుచేయించు, ఆ ఖర్చు అద్దెలో మినహాయించుకో. ఊళ్లో నడుస్తున్న ధర కంటే ఎక్కువ ఇచ్చి ధర పాడుచేయకు. నేను చేసిన తప్పు నువ్వు చేయకు. పని మనిషికి మాత్రం పట్నం కూలి ఇవ్వు. రెండు చోట్లా ఉల్టా చేస్తున్నాం మనం. ఓటు ఇక్కడికి మార్చుకో. పిల్లవాణ్ని ఊరి బడికి పంపించే గుండె ఉంటే పంపించు, లేకపోతే కనీసం సాయంత్రం నాలుగు లెక్కలు చెప్పు. నేల మీద అంత మోజుంటే కౌలుకు తీసుకుని ఒక్క పంట, ఒక్కటంటే ఒక్క పంట, పెట్టుబడి నుంచి అమ్మకం దాకా చేసి చూడు. దాని తర్వాత కూడా కొనాలనిపిస్తే అప్పుడు మాట్లాడుకుందాం.

"ఇదంతా మనవల్ల అయ్యే పనేనా?" అన్నాడు. చేసినవాళ్లున్నారు. అనంతపురం వైపు చెన్నేకొత్తపల్లి దగ్గర 1990లో కొందరు ముప్పై రెండెకరాల బీడు తీసుకుని తింబక్టు అనే సంస్థ మొదలుపెట్టారు. వాళ్లు చెట్లు మాత్రమే పెంచలేదు. చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్ల పొదుపు సంఘాలు, బడి, రైతుల పంటకు మార్కెట్, ఇవన్నీ చూసుకుంటూ అక్కడే ముసలివాళ్లయ్యారు. ముప్పై అయిదేళ్లు. వారాంతాలు కాదు.

మిత్రుడు కాసేపు మాట్లాడలేదు. "అది సరే గానీ, అద్దెకుంటే అప్రిసియేషన్ ఉండదు కదా?" అన్నాడు. ఫోన్ పెట్టేశాను.

మా ఇంటి వెనక చెలకలో పోయినేడు గోడ లేచింది. అంతకుముందు ఆ చెలక మధ్య నుంచి బండ్లబాట ఉండేది. నక్షాలో లేదట. తాతల నాటి బాటలు నక్షాల్లో ఉండవు, కాళ్లకు తెలుస్తాయి. గోడ లేచాక మేకలవాళ్లు, కట్టెలవాళ్లు, అటుపక్క రెండెకరాలున్న రైతు, అందరూ చుట్టూ తిరిగి మైలు దూరం పోవాల్సి వస్తోంది. "బాట గిట్ల మూసేస్తె ఎడ్లు యాడికెల్లి పోవాలె సారూ?" అని ఆ రైతు కొన్న పెద్దమనిషిని అడిగాడట. ఆయన చాలా సౌమ్యంగా, కలెక్టర్‌కు అర్జీ పెట్టుకోండి అన్నాడట. ఆ సౌమ్యమంటేనే నాకు ఎక్కువ భయం.

ఆ ప్లాట్లకు వాచ్‌మన్‌గా ఉన్నది ఆ చెలక అమ్మిన పెద్దాయనే. బిడ్డ పెళ్లికి, కొడుకు అప్పుకు అమ్మాడు. అమ్మిన నేలకు తనే కాపలా, నెలకు ఎనిమిది వేలు. సొంత చెలకలో సెలవు అడిగి బయటికి పోయే మనిషి.

రాత్రి పదకొండింటికి నిద్రపట్టక వాకిట్లో కూర్చుంటే గేటు కిర్రుమంది. మేకల గంటలు. పెద్దాయన గేటు రెండు రెక్కలూ తీసి పట్టుకున్నాడు. మంద పాత బాట వెంబడి, ఊయల పక్క నుంచి, ఆ వెనక గేటు దాకా పోయింది. వాటి వెనక ఎడ్లను తోలుకుంటూ ఆ రైతు. ఎవరూ మాట్లాడలేదు. అంతా దాటాక ఆయన మళ్లీ గొళ్లెం పెట్టి, నేను చూస్తున్నానని గమనించి దగ్గరికి వచ్చాడు. బీడీ వెలిగించుకున్నాడు.

"పెద్దాయనా, గేటు మీద కెమెరా ఉంది కదా?" అన్నాను.

"ఉండె బిడ్డా," అన్నాడు, పొగ వదులుతూ. "వైరు కోతులు తెంపినయ్."